చావిడి నిద్ర

ఆ ఎండాకాలం గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. ఇప్పుడు నేను మాట్లాడతాను. ఆనాటివాళ్ళందరూ పోయి నేనొక్కదాన్నే మిగిలాను కాబట్టి నోరు మూసుకోమనే దిక్కు లేదు.

కర్నూలు రాజధాని అవుతుందా లేదా అని మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని తెగ వాదులాడుకుంటున్న ఏడు అది. వానలు ముఖం చాటేసి మూడేళ్ళయింది. మా ఊరు తంగేడుదిన్నె. వేంపల్లె సంతకు పొద్దున బండి కడితే మిట్టమధ్యాహ్నానికి చేరతాం. మా ఆయన నారాయణరెడ్డి ఆ ఊరికి మునసబు. శిస్తు వసూలు చేయడం, చిన్నచిన్న తగాదాలు తీర్చడం, పోలీసులు వస్తే పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టడం ఆయన పనులు. మా పెళ్ళయిన రెండో ఏడు బావి తవ్విస్తుంటే మందు తూటా పేలి ఆయన కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. ఎడమచేత్తో సంతకం గీకడం నేర్చుకున్నాడు గానీ రాత మాత్రం పట్టుబడలేదు. నేను అయిదో తరగతి దాకా చదివినదాన్ని. అప్పటినుంచి మునసబు రాయాల్సిన కాగితాలన్నీ తలుపు చాటున కూర్చుని నేనే రాసేదాన్ని. ఊరందరికీ తెలుసు, తాలూకా కచ్చేరిలోనూ తెలుసు. కింద మగవాడి సంతకం ఉంటే చాలు, పైన రాసిందెవరని ఎవడూ అడగడు.

నేను రాసేవాటిలో చావిడి పుస్తకం ఒకటి. ఊరికి పడమట వంకగట్టున ఎరుకలవాళ్ళ గుడిసెలు ఏడు ఉండేవి. ఈత బరిగెలతో గంపలు, చేటలు అల్లి అమ్ముకునేవాళ్ళు. తెల్లదొరలు వాళ్ళ జాతి మొత్తాన్ని దొంగజాతి అని చట్టంలో రాసిపెట్టారు. తొట్టెలో బిడ్డ కూడా దొంగే, ఇంకా దొంగతనం చేయలేదంతే. ఆ జాతి మగవాళ్ళు పొద్దు గూకగానే మా ఇంటి ఎదురుగా ఉన్న ఊరిచావిడికి వచ్చి, పేరు చెప్పి, లోపల పడుకోవాలి. మునసబు బయట తాళం వేసి, తెల్లవారాక తీస్తాడు. ఎవరెవరు వచ్చారో పుస్తకంలో రాయాలి. దాన్నే చావిడి నిద్ర అనేవాళ్ళు. ఆడవాళ్ళకు ఆ నిద్ర లేదు. చట్టం రాసిన దొరలు ఆడదాన్ని దొంగతనానికి కూడా పనికిరానిదిగా లెక్కగట్టారు కాబోలు.

స్వతంత్రం వచ్చాక ఆ చట్టం తీసేశారు. తీసేసినట్లు కచ్చేరి నుంచి వచ్చిన కాగితం మా ఆయనకు చదివి వినిపించింది నేనే. రెండుసార్లు చదివించుకుని, నాలుగు మడతలు పెట్టి, దూలం సందులో దూర్చేశాడు.

"వాళ్ళకు చెప్పల్ల గదా?" అన్నాను.

"ఎవురు చెప్తారు, నువ్వు చెప్తావా?" అని నవ్వాడు. "నిద్రకొచ్చినోళ్ళు తెల్లారి మన బాయిలో నాలుగు గంపలు పూడిక తీసి పోతాండారు. కూలికి పెడితే ఎంతవుతాదో నీకేం తెలుసు? జరిగినన్ని దినాలు జరగనీ."

నేను చెప్పలేదు. చెప్పవచ్చు, గిడ్డమ్మ వారానికోసారి మా పెరట్లోకి వచ్చేది. అయినా చెప్పలేదు. ఆ తర్వాత అయిదారేళ్ళు ప్రతి సాయంత్రం లేని చట్టానికి పేర్లు రాస్తూ కూర్చున్నాను. వాళ్ళకు చదువు రాదు, వాళ్ళతో ఆగి మాట్లాడేవాళ్ళు లేరు. ఒక్కపూట రాకపోతే ఠాణాలో అప్పజెప్తారని భయపడి వస్తూనే ఉన్నారు. ఒకసారి సుంకప్పకు జ్వరం వచ్చి లేవలేకపోతే అతని పెళ్ళాం గిడ్డమ్మ వీపున మోసుకొచ్చి చావిడి అరుగు మీద దించింది. "పేరు రాసుకో రెడ్డెమ్మా, మావోడు వచ్చినాడు" అని ఆయాసపడుతూ చెప్పింది. నేను రాసుకున్నాను.

*

ఉగాది దాటిన వారానికి మా అత్త రామేశ్వరమ్మ గిడ్డమ్మను పెరట్లోకి పిలిపించింది. మాఘమాసంలో నాకు మూడో నెల కడుపు పోయింది. మళ్ళీ ఎప్పుడు నిలుస్తుందో సోది అడగాలని అత్త ఆత్రం. గిడ్డమ్మ చేటలో గుప్పెడు జొన్నలు పోయించుకుని, నా చెయ్యి వాటిమీద పెట్టించి, కళ్ళు మూసుకుని ఏకరువు పెట్టింది. కొండ దేవతలందరినీ పిలిచి, చివరికి వచ్చే సంక్రాంతిలోగా కొడుకన్నది. అత్త సంతోషపడి ఇంకో గుప్పెడు జొన్నలు తేవడానికి లోపలికి వెళ్ళింది.

అత్త వెళ్ళగానే గిడ్డమ్మ గొంతు మారిపోయింది.

"రెడ్డెమ్మా, మొన్న మీ పుట్టింటి ఊర్లో గంపలు అమ్మను పోయింటి. మీ వదినమ్మను సర్కారు గంజితొట్టి కాడ చూసినా."

"మా వదినేనా? చూసుకోని మాట్లాడు మే."

"కొంగు మొగమ్మీదికి లాక్కోని నిలబడిండాది. చేతిలో చెంబు ఉండాది. నన్ను చూసి అటు తిరుక్కున్యాది. ఎవురితోనూ అనలేదులే తల్లీ, నీకు తెలియల్లని చెప్తాండా."

అత్త జొన్నలతో వచ్చేసింది. గిడ్డమ్మ కొంగులో పోయించుకుని, దండం పెట్టి వెళ్ళిపోయింది. మా అన్న శేషారెడ్డి ఇంట్లో ముగ్గురు పిల్లలు. కరువుకు ఎద్దులు పోయాయని తెలుసు గానీ, గంజితొట్టి దాకా వచ్చిందని తెలియదు.

నాకు మా అమ్మ పెట్టిన కాసులదండ ఒకటి ఉండేది. కాపురానికి వచ్చిన మూడోనాడే అత్త "భద్రంగా ఉంటాదిలే" అని తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. ఆ తర్వాత పెళ్ళిళ్ళకు తప్ప నేను దాన్ని కంటితో చూడలేదు. తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్లోనే. శనివారం తలంటు పోసుకునేటప్పుడు మాత్రం తీసి గూట్లో పెడుతుంది. ఆ శనివారం ఆమె వీపు రుద్ది, కుంకుడురసం నెత్తిన పోసి, "కండ్లు మూసుకో అత్తా, వేణ్ణీళ్ళు తెస్తా" అని లోపలికి వచ్చాను. పెట్టె తెరిచి, దండ తీసి, మళ్ళీ తాళం వేసి, నీళ్ళ బిందెతో తిరిగి వెళ్ళాను. దొంగతనం చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. మా అమ్మ సొమ్ము మా అమ్మ మనవళ్ళ కడుపులోకి పోతుందనే అనిపించింది.

చైత్ర పున్నమికి ఒంటిమిట్ట కోదండరాముడి తిరుణాలకు అందరం వెళ్ళాం. మా అన్న కూడా వచ్చాడు. తేరు దగ్గర తొక్కిసలాటలో గుడ్డమూట అతని చేతిలో పెట్టాను. వేళ్ళతో తడిమి గుర్తుపట్టాడు.

"మీ ఆయనకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు" అన్నాను. అబద్ధమని అతనికీ తెలుసు. మూట నడుముకు కట్టుకుని, నా ముఖం చూడకుండా జనంలో కలిసిపోయాడు.

*

వైశాఖంలో దగ్గరి చుట్టాలింట్లో పెళ్ళి వచ్చింది. అత్త పెట్టె తెరిచింది. పెట్టెలోని చీరలన్నీ ఒక్కొక్కటే దులిపి పక్కన వేసింది. తర్వాత గుండెలు బాదుకుంది.

ఇంట్లో కన్నం లేదు. మిద్దె మీద గవాక్షం మూత కదల్లేదు. పెట్టె తాళం చెక్కు చెదరలేదు. అయినా "ఎవరు తీశారు" అని ఎవరూ అడగలేదు, "ఏ రాత్రి తీశారు" అనే అడిగారు. చైత్ర అమావాస్య రాత్రి కుక్కలు ఆగకుండా మొరిగాయని అత్తకు గుర్తొచ్చింది. అంతే, దొంగతనం అమావాస్య రాత్రి జరిగిందని తేలిపోయింది. నేను నీళ్ళచెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఒక్కళ్ళయినా నా వైపు చూస్తారని, చూస్తే చెప్పేద్దామని అనుకున్నాను. ఎవరూ చూడలేదు. నాకై నేను చెప్పాలంటే భయం. పుట్టింటికి దోచిపెట్టిన కోడలని నన్ను గెంటేస్తారు, మా అన్నను వీధిలో నిలబెట్టి అడుగుతారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ అదొక్కటే కారణమని చెబితే అదీ అబద్ధమే. ఎవరో ఒకరి మీదికి పోతుందిలే, తేలకుండా సద్దుమణుగుతుందిలే అని కూడా అనుకున్నాను.

మర్నాడు ఠాణా నుంచి సబ్ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తావాడు, కొత్తగా వచ్చినవాడు, మహా మర్యాదస్థుడు. ఆడవాళ్ళుండే ఇల్లని మా గడప దాటలేదు. అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగి, తలుపు వైపు తిరిగి, "అమ్మా, మీరేమీ కంగారు పడకండి" అని చెప్పాడు. అక్కడినుంచి నేరుగా వంకగట్టుకు పోయాడు. అక్కడి గుడిసెల్లో కుండలన్నీ బయట పడేసి పగలగొట్టారని, ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి కొప్పులు విప్పించి వెదికారని తలారి వచ్చి చెప్పాడు. ఏమీ దొరకలేదు. గిడ్డమ్మ మా ఇంట్లోకి వచ్చి పోతుంటుందని అత్త చెప్పింది కాబట్టి ఆమె మొగుణ్ణి పట్టుకుపోయారు. అంతవరకు సుంకప్ప పేరు వినబడుతుందని నేను ఊహించనే లేదు.

సాయంత్రం మా ఆయనకు అన్నం పెడుతూ అడిగాను.

"అమావాస్య రాత్రి సుంకప్ప చావిట్ల మన బీగంలోనే ఉండె గదా?"

"ఉండె."

"మరి ఆ మాట చెప్పు."

"ఏమని చెప్పల్ల?" ముద్ద ఆపేసి నా వైపు తిరిగాడు. "లేని చట్టానికి అయిదేండ్లు మనుషుల్ని చావిట్ల యేసి బీగం పెట్టినానని చెప్పల్లనా? మునసబుగిరీ ఊడబెరికి నన్ను లోపలేస్తారు. ఆ పుస్తకం యాడుండాదో తీసుకోనిరా. పొయ్యిలో యేస్తా."

"అటక మీద ఉండాది. రేపు ఎతికి ఇస్తా" అన్నాను.

పుస్తకం అటక మీద లేదు. జొన్నల కుండలో, జొన్నల కింద ఉంది. ఆ మధ్యాహ్నమే దాచాను. ఎందుకు దాచానో, బయటికి తీసే ధైర్యం ఉందో లేదో నాకే తెలియదు.

నాలుగోనాడు గిడ్డమ్మ పెరటి దడి అవతల నిలబడి మెల్లగా పిలిచింది. మనిషి సగమైపోయింది.

"అన్నం తీసుకోని ఠాణాకు పోయింటి రెడ్డెమ్మా. అన్నం తిననీకి చేతులు లేవల్యా వానికి. నోట్లో పెట్టినా."

నేను దడి దగ్గరికి జరిగాను.

"రేపు వాణ్ణి ఈడికి తోలుకొస్తారంట. దాచిన జాగా చూపియ్యమని. యాడ చూపిస్తాడు? చూపియ్యకపోతే మళ్ళీ కొడతారు. ఒక్కమాట చెప్పమ్మా. ఆ పొద్దు వాడు మీ బీగంలోనే ఉండెనని చెప్పు, సాలు. వాని పేరు రాసుకున్యావు గదా నీ చేత్తో."

"రెడ్డి ఒప్పుకోడు మే."

"ఇంకేమీ చెప్పొద్దు తల్లీ" అంది గిడ్డమ్మ. దడి పుల్లల మీద చూపు పెట్టి, "మీ అన్న ఇంట్లో పొయ్యి మండుతాంది ఇప్పుడు. మంచిదే. ఆ మాట నాకెందుకు? నేను అడిగేది బీగం మాట ఒక్కటే" అంది.

అప్పుడు నాకు అర్థమయింది, ఆమెకు అంతా తెలుసు. తెలిసి కూడా నాలుగు రోజులుగా, మొగుడి ఒళ్ళు హూనమవుతుంటే, నా పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఎత్తినా నమ్మరని తెలుసు కాబట్టి ఎత్తలేదో, నా మీద దయతో ఎత్తలేదో నేను అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "రేపు చెప్తా" అన్నాను.

*

మర్నాడు మధ్యాహ్నం ఎండ దిగుతుండగా సబ్ఇన్‌స్పెక్టరు, ఇద్దరు జవాన్లు సుంకప్పను తీసుకువచ్చారు. మా అరుగు కింద కూర్చోబెట్టారు. పాదాలు రెండూ వాచి, చర్మం మెరుస్తోంది. కాళ్ళు చాపుకునే ఉన్నాడు, ముడవలేకపోయాడు. గిడ్డమ్మ వీధికి అటువైపు చావిడి గోడ పక్కన కూర్చుంది. ఆమెను తరమమని జవానుకు చెప్పలేదెవరూ. మా ఆయన, సబ్ఇన్‌స్పెక్టరు మంచం మీద కూర్చుని ఉన్నారు.

నేను జొన్నల కుండలోంచి పుస్తకం తీసి, దులిపి, అరుగు మీదికి వచ్చాను. పెళ్ళయిన ఏడేళ్ళలో పరాయి మగవాళ్ళున్నప్పుడు నేను ఆ అరుగు మీదికి రావడం అదే మొదలు. మా ఆయన నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు.

"లోపలికి పో" అన్నాడు.

"సారూ, ఇది చూడండి" అని పుస్తకం మంచం మీద పెట్టాను. "చైత్ర అమావాస్య. సుంకప్ప పేరు ఉండాది. ఆ రాత్రి చావిట్ల ఉన్యాడు. బయట మేమే బీగం యేసినాం."

సబ్ఇన్‌స్పెక్టరు పుట తిప్పి చదివాడు. వెనక్కి ఇంకా నాలుగైదు పుటలు తిప్పాడు.

"ఈ రాత ఎవరిది?"

"నాది."

ఆయన పుస్తకం మూసి మా ఆయన ఒళ్ళో పెట్టాడు. "రెడ్డిగారూ, ఇలాంటి పుస్తకం ఒకటి ఉందని నాకు తెలియదు. మీరు కూడా లోపలికి వెళ్ళగానే తెలియకుండా చేసుకోండి." తర్వాత సుంకప్ప వైపు తిరిగాడు. "అయితే వీడు కాదన్నమాట. సంకెళ్ళు తీయండి."

ఇంత సులువా, దీనికా నేను అయిదు రోజులు చచ్చాను అనుకున్నాను. జవాను సంకెళ్ళు తీశాడు. సుంకప్ప మణికట్లు చూసుకున్నాడు.

"అమ్మా, ఇంకొక్క మాట" అన్నాడు సబ్ఇన్‌స్పెక్టరు నింపాదిగా. "ఆ రాత్రి చావిట్లో ఆడవాళ్ళు కూడా పడుకున్నారా?"

"లేదు సారూ. ఆడోళ్ళకు నిద్ర లేదు. మగోళ్ళకే" అన్నాను. ఎంత ధీమాగా చెప్పానో. పుస్తకం రాసేదాన్ని కదా, నాకు తెలిసిన సంగతి అడిగారని గర్వంగా చెప్పాను.

"అంటే వీళ్ళ ఆడవాళ్ళు ఆ రాత్రి బయటే ఉన్నారు. మీ ఇంట్లోకి సోదికి వచ్చిందెవరు?"

తలుపు వెనకనుంచి మా అత్త గొంతు వచ్చింది. "వీని పెండ్లామే. గిడ్డమ్మ. ఉగాదైన వారానికి వచ్చింది సామీ."

ఆయన తల ఊపాడు. "నేను మగవాణ్ణి పట్టుకుని పొరపాటు చేశాను. ఈ జాతిలో ఆడది ఇల్లు చూసి పెడుతుంది, మగవాడు పని చేస్తాడు. మగవాణ్ణి కట్టేస్తే ఆ పని కూడా ఆడదే చేస్తుంది. నెత్తురులో ఉంది కదా." చేత్తో చిన్న సైగ చేశాడు. జవాన్లు వీధి దాటి గిడ్డమ్మ దగ్గరికి వెళ్ళారు.

సుంకప్ప లేవబోయి పడ్డాడు. చేతుల మీద దేకుతూ వచ్చి అరుగు అంచు పట్టుకున్నాడు. "సామీ, నేనే తీసినా. నన్ను తీసుకోనిపో. దానికేం తెలీదు, నేనే తీసినా" అన్నాడు. నాలుగు రోజులు కొడితే రాని మాట అప్పుడు వచ్చింది.

"నువ్వెట్లా తీస్తావురా, తాళంలో ఉన్నావుగా" అన్నాడు సబ్ఇన్‌స్పెక్టరు. "అమ్మగారు పుస్తకంలో చూపించారు."

"సారూ, దండ నేనే తీసినా" అన్నాను.

నేను అన్నీ చెప్పాను. శనివారం, తలంటు, గూట్లో తాళంచెవి, ఒంటిమిట్ట తేరు, మా అన్న పేరు, అన్నీ. చెబుతుండగా తలుపు చాటున అత్త గాజుల చప్పుడు వినిపించింది. ఆమె ముఖం నాకు కనిపించింది. శనివారం మాట వినగానే ఆమెకు గుర్తొచ్చింది, నా మాట నిజమని తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఆమె గడప మీదికి వచ్చేసింది.

"దాని మాట పట్టించుకోవద్దు సామీ" అంది. "మాఘంలో దానికి కడుపు పోయింది. అప్పటినుంచి మనిషి మనిషిగా లేదు. ఏదేదో మాట్లాడతాది."

"అవును" అన్నాడు మా ఆయన. "రాత్రిళ్ళు నిద్రపోదు."

సబ్ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు. నిజంగానే పెట్టాడు, ఎగతాళికి కాదు. "మీ మనసు గొప్పదమ్మా. వీళ్ళను కాపాడాలని మీ మీద వేసుకుంటున్నారు. కానీ ఆలోచించండి. ఆ దండ మీదే. మీ సొమ్ము మీరు తీసుకుంటే అది దొంగతనం ఎట్లా అవుతుంది? దొంగతనం జరిగిందని నేను పైకి రాసి పంపాను. జరిగింది దొంగతనం కాబట్టి తీసింది మీరు కాదు."

ఆ మాటకు జవాబు ఈ వయసులో కూడా వెదుక్కుంటూనే ఉన్నాను.

*

గిడ్డమ్మకు ఏడాది శిక్ష పడింది. ఆడవాళ్ళ జైలు నుంచి ఆమె తిరిగి రాలేదు, అక్కడే వాంతులు బేదులతో పోయిందని చెప్పారు. ఎరుకలవాళ్ళు వానలకు ముందే గుడిసెలు పీక్కుని ఎటో వెళ్ళిపోయారు. మా ఆయన ఇంకో పదకొండేళ్ళు మునసబుగిరీ చేశాడు, ఒక గుమాస్తాను పెట్టుకుని. నేను ఆయనకు వండిపెట్టాను, బిడ్డల్ని కన్నాను, ఒక్క అక్షరం మాత్రం రాసిపెట్టలేదు. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సాయంత్రం ఇంకొక పని మిగిలి ఉండింది, అది చెప్పి ఊరుకుంటాను.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదట. మునసబు ముందు ఒప్పుకుని, ఆయన రాసిన కాగితం మీద వేలిముద్ర వేస్తే చెల్లుతుంది. గిడ్డమ్మను అరుగు కింద, మొగుడి పక్కనే నిలబెట్టారు. కొట్టలేదు. "నువ్వు ఒప్పుకుంటే వీడు ఇంటికి పోతాడు. ఒప్పుకోకపోతే ఇద్దరూ బండెక్కుతారు" అని మాత్రం సబ్ఇన్‌స్పెక్టరు చెప్పాడు. ఆమె మొగుడి పాదాల వైపు చూసింది.

"నేనే తీసినా" అంది. నేను అన్న మాటే. సబ్ఇన్‌స్పెక్టరు ఈసారి ఇంకేమీ అడగలేదు.

"సొమ్మేం చేశావు?"

"అమ్ముకోని తిన్యా."

"రాయండి రెడ్డిగారూ."

మా ఆయన నా వైపు చూశాడు. కాగితం, కలం, సిరాబుడ్డి తెచ్చి నా ముందు పెట్టింది అత్త. ఆ కాగితాలు ఎట్లా మొదలుపెట్టాలో నాకు కొట్టినపిండి. ఒప్పుకునేవాళ్ళ పేరు రాసి, "అను నేను" అని రాసి, తర్వాత సంగతి రాయాలి. నేను కూర్చుని రాశాను. "తంగేడుదిన్నె కాపురస్థుడు నారాయణరెడ్డి భార్య మహాదేవమ్మ అను నేను మా అత్తగారి పెట్టెలోని కాసులదండను నాకు నేనుగా తీసితిని."

మా ఆయన తీసుకుని చదివాడు. కోప్పడలేదు. ఎడమచేత్తో నిదానంగా నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. "ఎండదెబ్బ" అన్నాడు సబ్ఇన్‌స్పెక్టరుతో. నా ముందు ఇంకో కాగితం పెట్టాడు.

నేను కలం పట్టుకోలేదు. సబ్ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, సుంకప్పను బండెక్కించమని జవాన్లకు చెప్పాడు. వాళ్ళు అతని రెక్కలు పట్టుకుని లేపితే పాదాలు నేలకు తగిలి కేక పెట్టాడు.

"రాయి తల్లీ" అంది గిడ్డమ్మ. ఆమె నన్ను తల్లీ అనడం నాకు ఇప్పటికీ వినబడుతుంది. "నీ మాట ఎవురూ ఇనరు. నా మాట ఇంటాండారు గదా, అదన్నా రాయి. వాడు నడిచి పోలేడు, పొద్దు పోకముందు ఎవురన్నా ఇంటికి మోసుకోనిపోవల్ల."

రాశాను. "ఎరుకల సుంకప్ప భార్య గిడ్డమ్మ అను నేను." మిగతా వాక్యం ఇంచుమించు మొదటి కాగితంలో ఉన్నదే, పెద్దగా మార్చాల్సిన పని లేకపోయింది. మా ఆయన కింద సంతకం గీకాడు. వేలికి సిరా పూయాలి. జవాను గిడ్డమ్మను అరుగు దగ్గరికి తోశాడు. ఆమె చెయ్యి చాపింది. బరిగెలు చీల్చి చీల్చి ఆ బొటనవేలి గీతలు అరిగిపోయి ఉన్నాయి, మొదటిసారి ముద్ర సరిగ్గా పడలేదు. నేను ఆ వేలిని నా చేతిలోకి తీసుకుని, మళ్ళీ సిరా పూసి, కాగితం మీద గట్టిగా ఒత్తాను.